నాలుగైదు రాష్ట్రాల్లో వేట ట్యాగులకు దరఖాస్తు: తేదీలు, డబ్బు, పాయింట్లు చేజారకుండా

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ లాంటి పెద్ద జంతువులను వేటాడాలంటే లైసెన్సు ఒక్కటే చాలదు. ట్యాగ్ కావాలి. ఏ జంతువు, ఆడదా మగదా, ఏ యూనిట్ (రాష్ట్రం విడదీసిన వేట ప్రాంతం), ఏ తేదీల మధ్య, రైఫిలా విల్లా అన్నది దాని మీద రాసి ఉంటుంది. ఒక ట్యాగుకు ఒకే జంతువు. మంచి యూనిట్లలో ట్యాగులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే డ్రా తీస్తారు. ఒక్క రాష్ట్రాన్నే నమ్ముకుంటే ఏళ్ల తరబడి చేతులు ముడుచుకు కూర్చోవాల్సి రావచ్చు కాబట్టి, వేట మీద గట్టి ఆసక్తి ఉన్నవాళ్లు ఒకేసారి మూడు నాలుగు రాష్ట్రాల్లో దరఖాస్తు వేస్తారు.

డ్రాలో పేరు రాకపోతే ఎవరూ చేసేదేమీ లేదు. కానీ చేజారిన ట్యాగుల్లో చాలావాటికి డ్రాతో సంబంధమే ఉండదు. గడువు టైమ్ జోన్ తప్పుగా లెక్కవేయడం, ముందు కొనాల్సిన లైసెన్సు కొనకపోవడం, కార్డు గడువు తీరిపోవడం, నిరుటి వేట రిపోర్టు పంపకపోవడం లాంటివి అసలు కారణాలు. వీటిని ఒక పట్టికతో అరికట్టొచ్చు. అయితే ఆ పట్టిక 'ఎక్కడెక్కడ వేటాడాలని ఉంది' అన్న కోరికల జాబితా కాకూడదు. ఏ రోజు ఎవరికి ఏం చెల్లించాలి, ఎప్పుడు ఏం తిరిగొస్తుంది, ఏది మరిస్తే ఏం పోతుంది అని చెప్పే ఖాతా పుస్తకంలా ఉండాలి.

రాష్ట్రానికో రూల్ ఎందుకు

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు పూర్తిగా నిషేధం. అందువల్ల అక్కడి నుంచి వెళ్లి టెక్సస్‌లోనో కొలరాడోలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ వ్యవస్థ మొదట్లో కొరుకుడు పడదు. అమెరికాలో అడవి జంతువుల మీద అజమాయిషీ ప్రధానంగా రాష్ట్రాలది. ఎన్ని జంతువులున్నాయి, ఎన్నిటిని వేటాడనివ్వాలి, ఎవరికి ఎంత వాటా అన్నది ఆ రాష్ట్ర వన్యప్రాణి కమిషనే తేలుస్తుంది. బయటి రాష్ట్రాలవాళ్ల దగ్గర ఎక్కువ ఫీజు తీసుకోవచ్చని 1978లో మోంటానా ఎల్క్ లైసెన్సుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాన్‌రెసిడెంట్లను వేరుగా చూసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2005లో కాంగ్రెస్ చట్టం చేసి మరీ ఖాయం చేసింది.

దీని ఫలితం అంకెల్లో చూడండి. న్యూమెక్సికో డ్రాలో 84 శాతం ట్యాగులు రాష్ట్రవాసులకు, 10 శాతం అవుట్‌ఫిట్టర్‌తో (వేట యాత్రలు నడిపే సంస్థతో) ఒప్పందం ఉన్నవాళ్లకు వెళ్తాయి. బయటినుంచి సొంతంగా వచ్చేవాళ్లకు మిగిలేది 6 శాతం. అరిజోనాలో ఒక హంట్‌లో నాన్‌రెసిడెంట్ల వాటా 10 శాతం దాటదు. కాబట్టి ఒక యూనిట్‌లో 20 శాతం మందికి ట్యాగ్ వచ్చిందని ఎక్కడైనా చదివితే, అది ఎవరి 20 శాతమో చూసుకున్నాకే పట్టికలో రాసుకోవాలి. రెసిడెంట్ల అంకెను తమదనుకుని ఆశ పెంచుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

డ్రా తీసే పద్ధతి తెలియకుండా పట్టిక వేయొద్దు

చాలాచోట్ల 'పాయింట్లు' అనే మాటే వినిపిస్తుంది. ట్యాగ్ రాని ఏడాదికో, డబ్బు కట్టి కొన్న ఏడాదికో మీ ఖాతాలో పడేవి ఇవి. అవి చేసే పని మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

కొలరాడోలో జింక, ఎల్క్, ప్రాంగ్‌హార్న్‌లకు ఉన్నవి ప్రిఫరెన్స్ పాయింట్లు. ఎక్కువ పాయింట్లున్నవాడు ముందు, తక్కువ ఉన్నవాడు వెనక. ఇక్కడ అదృష్టం కంటే వరసే ముఖ్యం. యూనిట్ 2, 10, 201 లాంటి పేరున్న ఎల్క్ యూనిట్లలో మగ ఎల్క్ ట్యాగ్ అందాలంటే 20కి పైగా పాయింట్లు కావాలి. ఈ ఏడాది మొదలుపెట్టినవాళ్లు వాటి గురించి కలగనడం దండగ. ఈ డ్రా నియమాలను 2028 నుంచి మార్చాలని ఆ రాష్ట్ర కమిషన్ నిర్ణయించింది కూడా. అందుకే పాతికేళ్ల ప్రణాళికలు వేసుకోవడం తెలివైన పని కాదు.

నెవాడాలో ఉన్నవి బోనస్ పాయింట్లు. మీ పాయింట్లను వర్గం చేసి, దానికి ఒకటి కలిపి, అన్ని చీట్లు వేసినట్టు లెక్క. 5 పాయింట్లుంటే 26 చీట్లు, 10 ఉంటే 101. పాయింట్లు రెట్టింపైతే అవకాశం సుమారు నాలుగు రెట్లవుతుంది. అయినా సున్నా పాయింట్లవాడికి కూడా ఒక చీటీ ఉంటుంది, అతడికీ తగలొచ్చు. మోంటానా స్పెషల్ పర్మిట్లకూ పాయింట్లను వర్గం చేస్తారు. కానీ మోంటానాలో దానికంటే ముందు నాన్‌రెసిడెంట్ కాంబో లైసెన్సుకు (కొన్ని లైసెన్సులు కలిపి ఇచ్చేదానికి) వేరే డ్రా, దానికి వేరే ప్రిఫరెన్స్ పాయింట్లు ఉంటాయి. అంటే ఒకే రాష్ట్రంలో రెండు ఖాతాలు. పట్టికలో వీటికి రెండు వరసలు కేటాయించకపోతే ఏదో ఒకటి కచ్చితంగా మర్చిపోతారు.

మధ్యస్థంగా ఉండేవి ఇంకొన్ని. వయోమింగ్‌లో నాన్‌రెసిడెంట్ ఎల్క్, జింక, ప్రాంగ్‌హార్న్ ట్యాగుల్లో 75 శాతం ఎక్కువ పాయింట్లవాళ్లకు వెళ్తాయి, 25 శాతం అందరి మధ్యా లాటరీ. యూటా లిమిటెడ్ ఎంట్రీ (కొద్దిమందినే అనుమతించే యూనిట్ల) ట్యాగుల్లో సగం పాయింట్లకు, సగం లాటరీకి. అరిజోనా 20 శాతాన్ని అత్యధిక పాయింట్లవాళ్లకు కేటాయించి, మిగతాది అందరికీ డ్రా తీస్తుంది.

ఐడహో, న్యూమెక్సికోల్లో పాయింట్లే లేవు. ప్రతి ఏడూ అందరూ సున్నా నుంచే మొదలు. ఇప్పుడే వేటకు దిగుతున్నవాళ్లు ఈ రెంటినీ చిన్నచూపు చూస్తారు కానీ, పాతికేళ్లుగా పాయింట్లు కూడబెట్టినవాడితో సమానంగా నిలబడే చోటు ఇవే. ఐడహోలో ఒక మెలిక ఉంది. మూస్, బిగ్‌హార్న్ షీప్, మౌంటెన్ గోట్‌లలో ఒక్కదానికే వేయాలి. అది వేస్తే ఆ ఏడాది కంట్రోల్డ్ హంట్ డ్రాలో జింకకు, ఎల్క్‌కు, ప్రాంగ్‌హార్న్‌కు వేయడానికి వీల్లేదు. ఏప్రిల్‌లో ఆశకొద్దీ మూస్‌కు వేసి, మే నెలలో ఎల్క్ ఫారం తెరిస్తే దారి మూసుకుపోయి ఉంటుంది.

ఆప్షన్ల వరస

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్లకు నెవాడా పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. ఒక అభ్యర్థి వంతు వచ్చినప్పుడు అతడి ఐదు ఆప్షన్లనూ పైనుంచి కిందికి చూశాకే తర్వాతి అభ్యర్థి దగ్గరికి వెళ్తారు. న్యూమెక్సికోలోనూ మూడు ఆప్షన్లను అలాగే చూస్తారు. అందుకని ఇక్కడ ఆప్షన్లను మీకు నిజంగా ఇష్టమైన క్రమంలోనే పెట్టాలి. కష్టమైనది పైన, తేలికైనది కింద. తేలికైనదాన్ని పైన పెడితే అదే తగిలి, పై అవకాశం పోతుంది.

కొలరాడోలో అలా కాదు. మొదటి ఆప్షన్లన్నీ అందరికీ పంచడం పూర్తయ్యాకే రెండో ఆప్షన్లు చూస్తారు. గిరాకీ ఉన్న యూనిట్‌ను రెండోచోట పెట్టడం శుద్ధ వృథా, ఆ వేళకు అక్కడ ఏమీ మిగలదు. ఇంకోవైపు, రెండో ఆప్షన్‌లో ట్యాగ్ వస్తే పాయింట్లు ఖర్చు కావు. అందుకే తెలిసినవాళ్లు మొదటి ఆప్షన్‌లో పాయింట్ మాత్రమే ఇచ్చే కోడ్ పెట్టి, రెండో ఆప్షన్‌లో మామూలుగా మిగిలే యూనిట్‌ను పెడతారు. పాయింటూ దక్కుతుంది, ట్యాగూ దక్కొచ్చు. వయోమింగ్‌లోనూ పాయింట్లు పోయేది మొదటి ఆప్షన్ తగిలినప్పుడే. నెవాడాలో ఐదింట్లో ఏది తగిలినా ఆ జంతువు మీద ఉన్న పాయింట్లన్నీ పోతాయి. కాబట్టి అక్కడ 'ఏదో ఒకటి నింపుదాం' అని ఐదో గడి నింపకూడదు. ఎనిమిదేళ్ల పాయింట్లు పెట్టి వెళ్లాలనిపించని యూనిట్ అయితే గడి ఖాళీగా ఉంచడమే మేలు.

కొలరాడో హంట్ కోడ్ కూడా జాగ్రత్తగా చూడాలి. మొదటి అక్షరం జంతువుది, రెండోది ఆడా మగా అన్నది, తర్వాత మూడంకెల యూనిట్, ఆ తర్వాత సీజన్, చివర ఆయుధం. సీజన్ భాగంలో వచ్చే ఇంగ్లిష్ 'ఓ' అక్షరాన్ని సున్నాగా రాసుకుని, ఆ కోడ్ పనిచేయక తంటాలు పడేవాళ్లుంటారు. చివరి అక్షరం తప్పితే రైఫిల్ బదులు విల్లు సీజన్‌కు దరఖాస్తు వెళ్లిపోతుంది. వెబ్‌సైట్ దాన్ని తప్పుగా చూడదు, అదీ సరైన కోడే కదా. కోడ్‌ను ఆ ఏటి బ్రోషర్ నుంచే కాపీ చేసి పట్టికలో అతికించండి. నిరుటి పట్టిక నుంచి తీసుకోవద్దు, సీజన్ తేదీలూ యూనిట్ హద్దులూ మారుతుంటాయి.

క్యాలెండర్

దరఖాస్తు గడువులు సాధారణంగా ఏడాదిలో ఇలా వస్తాయి. ఫిబ్రవరి మొదటి వారం లోపల వయోమింగ్ నాన్‌రెసిడెంట్ ఎల్క్, అరిజోనా ఎల్క్, ప్రాంగ్‌హార్న్. మార్చి మధ్యలో న్యూమెక్సికో. ఏప్రిల్ 1న మోంటానా కాంబో, ఆ వెంటనే ఏప్రిల్ మొదటి వారంలో కొలరాడో. ఏప్రిల్ చివర్లో యూటా, ఐడహో మూస్, షీప్, గోట్ దరఖాస్తులు. మే నెలలో నెవాడా, 15న ఒరెగాన్. జూన్ మొదట్లో వయోమింగ్ జింక, ప్రాంగ్‌హార్న్, ఐడహో జింక, ఎల్క్, అరిజోనా జింక. కచ్చితమైన తేదీ ఏటా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఆ ఏటి బ్రోషర్‌లో చూశాకే పట్టికలో తేదీ పక్కన 'సరిచూశాను' అని గుర్తు పెట్టాలి. గుర్తు లేని తేదీ అంటే నిరుటి తేదీ అన్నట్టే.

గంట ఇంకా ముఖ్యం. న్యూమెక్సికో గడువు మౌంటెన్ టైమ్ సాయంత్రం 5. అంటే కాలిఫోర్నియాలో మధ్యాహ్నం 4, ఇంకా ఆఫీసులోనే ఉంటారు. కొలరాడో గడువు రాత్రి 8 గంటలకు, అప్పుడు డాలస్‌లో 9, న్యూజెర్సీలో 10. యూటా మౌంటెన్ టైమ్ రాత్రి 11, నెవాడా పసిఫిక్ టైమ్ రాత్రి 11. అరిజోనాలో ఎక్కువ భాగం గడియారాలను వేసవికి ముందుకు జరపదు. అందువల్ల డాలస్‌తో తేడా ఫిబ్రవరి ఎల్క్ గడువప్పుడు ఒక గంట, జూన్ జింక గడువప్పుడు రెండు గంటలు. 'అర్ధరాత్రి దాకా టైముందిలే' అన్న ఒక్క ఊహతో న్యూమెక్సికో దరఖాస్తులు ఎన్నో ఆగిపోతాయి. పట్టికలో గడువును మీ ఊరి టైములోకి మార్చి రాసుకోండి.

ప్రతి గడువుకూ ఫోన్‌లో మూడు రిమైండర్లు పెట్టుకుంటే సరిపోతుంది: దరఖాస్తులు తెరిచిన రోజు, గడువుకు పది రోజుల ముందు, రెండు రోజుల ముందు. పది రోజుల రిమైండర్ దేనికంటే, పాస్‌వర్డ్ మరిచిపోవడం, ఖాతా లాక్ కావడం, హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రతా శిక్షణ) సర్టిఫికెట్ రికార్డులో లేకపోవడం లాంటివి ఆఫీసుకు ఫోన్ చేస్తే తప్ప తెమలవు. ఆఫీసు పనిదినాల్లోనే తెరిచి ఉంటుంది. చివరి రోజు సాయంత్రం ఫోన్ ఎత్తే అవకాశం బహు తక్కువ.

హంటర్ ఎడ్యుకేషన్ ఎవరికి తప్పనిసరి అన్నదీ పుట్టిన తేదీని బట్టి మారుతుంది. కొలరాడోలో 1949 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు; వయోమింగ్‌లో 1966 జనవరి 1 నుంచి; ఐడహోలో 1975 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకు. ఒక రాష్ట్రంలో తీసుకున్న సర్టిఫికెట్‌ను మిగతావి సాధారణంగా ఒప్పుకుంటాయి కానీ, ప్రతి రాష్ట్రపు ఖాతాలో దాన్ని విడిగా నమోదు చేయాలి. కార్డు ఫొటో ఫోన్‌లో, నంబరు పట్టికలో ఉండాలి.

డబ్బు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు తిరిగొస్తుంది

ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. రాష్ట్రాలు డబ్బు రెండు రకాలుగా తీసుకుంటాయి. వయోమింగ్, న్యూమెక్సికో ట్యాగ్ మొత్తం ఫీజును దరఖాస్తుతోనే తీసుకుని, రాకపోతే దరఖాస్తు ఫీజు మినహాయించి తిరిగి ఇస్తాయి. కొలరాడో, అరిజోనా, యూటా, నెవాడా దరఖాస్తు ఫీజు ముందు తీసుకుని, ట్యాగ్ వస్తేనే మిగతాది కార్డు మీద వేస్తాయి.

వయోమింగ్ ఉదాహరణ చూద్దాం. 2025 ధరల్లో నాన్‌రెసిడెంట్ రెగ్యులర్ ఎల్క్ లైసెన్సు 692 డాలర్లు, దరఖాస్తు ఫీజు 15, మొత్తం 707. అదే ట్యాగుకు 'స్పెషల్' అనే ఖరీదైన డ్రా ఉంది. దాని ధర 1,950, ఫీజుతో 1,965. ఆ డ్రాలో పోటీ తక్కువ కావచ్చు, దొరికే వేట మాత్రం అదే. ఫిబ్రవరి మొదట్లో కట్టిన ఈ డబ్బు డ్రా ఫలితాలు వచ్చే మే దాకా అక్కడే ఉంటుంది. మార్చిలో న్యూమెక్సికోలో రెండు మూడు జంతువులకు వేస్తే ఇంకో మొత్తం ఇరుక్కుంటుంది. ఇద్దరు దంపతులు వేస్తే ఇదంతా రెట్టింపు. క్రెడిట్ కార్డు మీద పెట్టి వడ్డీ కట్టుకుంటూ పోతే, రాని ట్యాగుకు కూడా డబ్బు ఖర్చవుతున్నట్టే. కాబట్టి పట్టికలో మూడు అంకెలు విడివిడిగా ఉండాలి: తిరిగి రాని ఖర్చు (లైసెన్సు, దరఖాస్తు ఫీజు, పాయింటు ఫీజు), కొన్నాళ్లు ఇరుక్కునే సొమ్ము, ట్యాగ్ వస్తే పడే మొత్తం.

కార్డు సంగతి. ట్యాగ్ వచ్చాక డబ్బు తీసుకునే రాష్ట్రాల్లో దరఖాస్తుకూ చెల్లింపుకూ మధ్య రెండు నెలలు గడవొచ్చు. ఈలోపు కార్డు గడువు తీరినా, పోయిందని కొత్తది తెప్పించుకున్నా, తెలియని ప్రభుత్వ సంస్థ నుంచి పెద్ద మొత్తం వచ్చిందని బ్యాంకు ఆపేసినా చెల్లింపు విఫలమవుతుంది. అరిజోనాలో ఫలితాలు ప్రకటించకముందే కార్డు మీద డబ్బు తీస్తారు. బ్యాంకు మెసేజ్ చూసి ట్యాగ్ వచ్చిందని తెలుసుకునేవాళ్లు అందుకే ఉంటారు. అన్ని దరఖాస్తులకూ ఒకే కార్డు కేటాయించి, ఏడాది చివరి దాకా గడువున్న కార్డునే వాడి, దాని చివరి నాలుగంకెలు పట్టికలో రాసుకుంటే, కార్డు మారినప్పుడు ఎక్కడెక్కడ మార్చాలో వెతుక్కునే పని ఉండదు.

దరఖాస్తు వేయడానికే ముందు హంటింగ్ లైసెన్సు కొనమనే రాష్ట్రాల్లో (అరిజోనా, నెవాడా, యూటా, ఐడహో లాంటివి) ఆ డబ్బు తిరిగిరాదు. అయితే దాని కాలపరిమితి తెలిస్తే కొంత మిగులుతుంది. యూటా, నెవాడా, అరిజోనా లైసెన్సులు కొన్న రోజు నుంచి 365 రోజులు చెల్లుతాయి. యూటాలో దరఖాస్తులు మార్చి చివర్లో తెరిచి ఏప్రిల్ చివర్లో ముగుస్తాయి. ఈ ఏడాది ఏప్రిల్ మూడో వారంలో లైసెన్సు కొని వేసి, వచ్చే ఏడాది తెరిచిన వారంలోనే వేస్తే, ఒకే లైసెన్సుతో రెండేళ్ల పాయింట్లు వస్తాయి. ఐడహోలో ఇది పనికిరాదు, అక్కడి లైసెన్సు డిసెంబరు 31తో ముగుస్తుంది. లైసెన్సు కొన్న తేదీ, ముగిసే తేదీ అని రెండు గడులు పట్టికలో ఉంటే చాలు.

పాయింట్ల వెంట పరుగు: ఒక చిన్న లెక్క

మీ దగ్గర 2 పాయింట్లున్నాయి, ఒక యూనిట్‌కు ఈ ఏడాది 8 కావాల్సి వచ్చింది అనుకోండి. ఆరేళ్లు ఆగితే చాలనిపిస్తుంది. కానీ ఆ యూనిట్ అవసరం రెండేళ్లకు ఒక పాయింటు చొప్పున పెరుగుతుంటే, మీరు ఏటా ఒకటి ఎక్కుతారు, గమ్యం అర పాయింటు జరుగుతుంది. ఆరు పాయింట్ల దూరం పూడడానికి పన్నెండేళ్లు. అది ఏటా ఒక పాయింటు పెరుగుతుంటే ఎప్పటికీ అందదు. దీన్నే పాయింట్ క్రీప్ అంటారు. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించకుండా, గత ఐదేళ్ల డ్రా రిపోర్టుల్లో ఆ హంట్ కోడ్‌కు నాన్‌రెసిడెంట్లకు కావాల్సి వచ్చిన కనీస పాయింట్లు వరసగా రాసి చూడండి. వంపు తెలిసిపోతుంది.

మొహమాటం లేకుండా చెప్పాలంటే, పది రాష్ట్రాల్లో పాయింట్లు కొనడం చాలామందికి అనవసరం. పాయింట్లు లేని రాష్ట్రం ఒకటి, ఒకటి నుంచి నాలుగు పాయింట్లతో వెళ్లగలిగే రాష్ట్రం ఒకటి, దీర్ఘకాలం ఆగే రాష్ట్రం ఒకటి. ఈ మూడింటితో మొదలుపెట్టి, రెండేళ్లు సాఫీగా నడిచాక నాలుగోది కలపొచ్చు.

కొన్నిచోట్ల పాయింట్లు నిలబెట్టుకోవడానికీ పని చేయాలి. వయోమింగ్‌లో ఎల్క్ ట్యాగ్ రానంత మాత్రాన పాయింటు దానంతటది పడదు. జులై నుంచి అక్టోబరు చివరి దాకా తెరిచి ఉండే సమయంలో విడిగా కొనాలి. వరసగా రెండేళ్లు దరఖాస్తూ వేయక, పాయింటూ కొనకపోతే ఉన్నవి కూడా పోతాయి. అరిజోనాలో ఒక జంతువుకు ఐదేళ్లు వరసగా వేస్తే లాయల్టీ పాయింటు వస్తుంది, ఒక్క ఏడాది మానేస్తే అది పోతుంది. వేసవిలో ఫలితాలన్నీ వచ్చాక పట్టికను మూసేయడం వల్లే వయోమింగ్ పాయింటు ఎక్కువగా చేజారుతుంది.

స్నేహితులతో కలిసి వేస్తే

ముగ్గురు స్నేహితులు ఒక గ్రూపుగా వేస్తున్నారు, ఒకరికి 9 పాయింట్లు, ఒకరికి 4, ఒకరికి సున్నా అనుకుందాం. కొలరాడోలో గ్రూపులో అందరికంటే తక్కువ ఉన్నవాడి పాయింట్లే లెక్క. అంటే సున్నా. వయోమింగ్‌లో సగటు, దశాంశాలతో సహా: 4.3333. యూటాలో సగటును కిందికి సవరిస్తారు: 4. ట్యాగ్ తగిలితే పాయింట్లు ముగ్గురివీ పోతాయి. తొమ్మిదేళ్లు ఆగినవాడు అప్పుడు కొత్తగా చేరినవాడితో సమానంగా సున్నాకు వస్తాడు. ఆ స్నేహితుడికి ఇది ముందే చెప్పి ఒప్పించాలి, డ్రా అయ్యాక కాదు.

గ్రూపు నాయకుడి దరఖాస్తులో ఒక తప్పుంటే అందరి దరఖాస్తులూ దెబ్బతింటాయి. అందుకని నాయకుడు వేసి వచ్చిన గ్రూపు నంబరును మిగతావాళ్లకు పంపాక, ప్రతి ఒక్కరి కన్ఫర్మేషన్ పీడీఎఫ్‌లో హంట్ కోడ్ ఒకటేనా అని ఒకరైనా కూర్చుని సరిచూడాలి.

పేరు, ఎస్‌ఎస్‌ఎన్, వీసా

తెలుగు పేర్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఇబ్బంది. ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు మీద మరోలా ఉంటే, ఒకే రాష్ట్రంలో ఒకే మనిషికి రెండు ఖాతాలు ఏర్పడే ప్రమాదం ఉంది. అప్పుడు మూడేళ్ల పాయింట్లు ఒకదాంట్లో, రెండేళ్లవి ఇంకోదాంట్లో ఉండిపోతాయి. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నట్టే అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయండి. ప్రతి రాష్ట్రం ఇచ్చే కస్టమర్ నంబరు, నమోదైన పేరు, ఈమెయిల్ పట్టికలో రాసుకోండి. రెండు ఖాతాలు కనిపిస్తే గడువు సీజన్‌లో కాకుండా ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఫోన్ చేసి కలిపించుకోవాలి.

పిల్లల పోషణ భత్యం వసూలుకు సంబంధించిన ఫెడరల్ చట్టం కింద వేట లాంటి వినోద లైసెన్సుల దరఖాస్తుల్లోనూ రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. ఆ నంబరు లేని హెచ్-4 జీవిత భాగస్వాములు ఆన్‌లైన్ ఫారంతో కుస్తీ పట్టకుండా ముందుగానే రాష్ట్ర కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవడం మంచిది.

హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. అంటే వీళ్లకు లైసెన్సు గడువు తీరే తేదీ కేవలం దరఖాస్తుకు సంబంధించిన విషయం కాదు. ఒక లైసెన్సు ముగిసి ఇంకోటి మొదలయ్యే మధ్య ఖాళీ రోజులుంటే, ఇంట్లో ఉన్న రైఫిలే సమస్య అవుతుంది. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఒకసారి ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే ముందుకెళ్లాలి. విల్లు వేటకు ఈ నిబంధన వర్తించదు, అందుకే కొందరు గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆర్చరీ సీజన్లకే దరఖాస్తు వేస్తారు.

ఉద్యోగం మారి రాష్ట్రం మారితే పాయింట్లు అలాగే ఉంటాయి కానీ మీరు రెసిడెంటా కాదా అన్నది మారుతుంది. కొలరాడోలో ఆరు నెలలు, వయోమింగ్‌లో ఏడాది నివాసం ఉండాలి. తొందరపడి రెసిడెంట్‌గా వేస్తే అది నేరం. వేట హక్కు ఒకచోట సస్పెండ్ అయితే, రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల దాదాపు దేశమంతటా ఆగిపోతుంది.

అన్నీ వచ్చేస్తే?

చాలా పట్టికల్లో లేని గడి ఇదే. వయోమింగ్, న్యూమెక్సికో, కొలరాడో మూడింట్లోనూ సెప్టెంబరు ఎల్క్‌కు వేసి, మూడూ తగిలితే ఏం చేస్తారు? ఆఫీసులో అన్ని సెలవులు లేవు. కాబట్టి దరఖాస్తుకు ముందే సీజన్ తేదీలను పక్కపక్కన రాసి, ఢీకొనే జంటలను గుర్తించి, 'ఇది వస్తే అది వదులుకుంటాను' అని తేల్చుకోవాలి.

వదులుకోవడానికీ తేదీలుంటాయి. న్యూమెక్సికో, మోంటానా ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, వయోమింగ్ ఎల్క్ దరఖాస్తును మార్చుకోవడానికీ వెనక్కి తీసుకోవడానికీ మే ఆరంభం దాకా వీలుంటుంది. ఈ వీలుకు కారణముంది. ఫిబ్రవరిలో దరఖాస్తులు తీసుకునే నాటికి వయోమింగ్ ఆ ఏటి సీజన్లను, కోటాలను ఖరారు చేయదు, కమిషన్ ఏప్రిల్‌లో తేలుస్తుంది. కాబట్టి ఏప్రిల్ చివర్లో ఒక గంట కేటాయించి, కొత్త కోటాలు చూసి, అప్పటికి చేతికొచ్చిన ట్యాగులు లెక్కవేసుకుని, వయోమింగ్ దరఖాస్తు ఉంచాలా తీసేయాలా అని నిర్ణయించుకోవాలి. కొలరాడోలో వచ్చిన ట్యాగును సీజన్‌కు కనీసం 30 రోజుల ముందు తిరిగిస్తే పాయింట్లు వెనక్కి వేయించుకోవచ్చు. అరిజోనాలో దరఖాస్తు వేసేటప్పుడే పాయింట్‌గార్డ్ అనే అదనపు రక్షణ కొనుక్కునే వీలుంది. అవసరం పడితే ట్యాగ్ తిరిగిచ్చి పాయింట్లు నిలుపుకోవచ్చు.

ట్యాగ్ తేలిగ్గా ఎందుకు వస్తోందో కూడా అదే గంటలో చూసుకోండి. చాలా యూనిట్లలో అసలు కారణం, భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటుది కావడమే. ఫారెస్ట్ సర్వీసు, బీఎల్‌ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) లాంటి ఫెడరల్ సంస్థల భూములు ఎంత ఉన్నాయో, వాటికి దారి ఉందో లేదో మ్యాప్‌లో చూడకుండా హంట్ కోడ్ ఖరారు చేయొద్దు. వయోమింగ్‌లో ఇంకో అడ్డంకి ఉంది. ఫెడరల్ విల్డర్‌నెస్ (చట్టం కింద అడవిగానే ఉంచిన) ప్రాంతాల్లో నాన్‌రెసిడెంట్లు గైడ్ లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. యూనిట్‌లో సగం విల్డర్‌నెస్ అయితే, సొంతంగా వెళ్లేవాళ్లకు మిగిలేది సగమే.

సీజన్ ముగిశాక

ట్యాగ్ వచ్చినవాళ్లు వేట దొరికినా దొరకకపోయినా, అసలు వెళ్లకపోయినా కొన్ని రాష్ట్రాలకు రిపోర్టు పంపాలి. నెవాడాకు జనవరి 31 లోపల, న్యూమెక్సికోకు జింక, ఎల్క్ విషయంలో ఫిబ్రవరి 15 లోపల. న్యూమెక్సికోలో రిపోర్టు బాకీ ఉంటే మార్చి దరఖాస్తు డ్రాలోకే వెళ్లదు. డబ్బు కట్టి, కోడ్ సరిగ్గా పెట్టి, టైముకు వేసినా తిరస్కరిస్తారు. అందువల్ల ట్యాగ్ వచ్చిన రోజే పట్టికలో ఇంకో వరస కలిపి, రిపోర్టు గడువు రాసి, కన్ఫర్మేషన్ నంబరు గడి ఖాళీగా ఉంచాలి. ఆ నంబరు పడేదాకా ఆ ట్యాగ్ లెక్క ముగిసినట్టు కాదు. కొత్త ఏడాది ట్యాబ్‌ను జనవరిలో కాకుండా నవంబరులోనే తెరవడం మంచిది: అలాస్కా డ్రాకు దరఖాస్తులు నవంబరు 1న మొదలై డిసెంబరు 15న ముగుస్తాయి.